తలా పిడికెడు యూరియా

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. నా మాటల్లో ఎరువు ఎక్కువ. తోవలో నాలుగు పాములు అడ్డమొచ్చాయని నేను ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వంటింట్లోంచే "తొండనా, బల్లినా" అని అడుగుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు లెక్క దొరికిపోయింది. నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించి, మిగిలినదానికి తోక కోసేస్తే నిజం వస్తుందట. మీరూ అలాగే చదువుకోండి. పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇందులో ఒక్కచోట లేనిది పుట్టించాను. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను, మీరు వెతుక్కుని కళ్ళు పాడుచేసుకోకండి.

నేను జగిత్యాల అవతల ఒక వ్యవసాయ కాలేజీలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేశాను. మోకాళ్ళు గట్లెక్కనని మొరాయించడంతో వయసు రాకముందే రిటైరై ఇంట్లో కూర్చున్నాను గానీ, ఉన్నన్నాళ్ళు ఆ కాలేజీని నడిపింది నేనే. డీన్ గారు సంతకాలు పెట్టేవారు, అంతే. ఎరువుల గోదాము తాళంచెవి నా నడుముకు వేలాడేది. దాని బరువుకు నేను ఒక పక్కకు ఒంగి నడిచేవాడిని. పాత ఫోటోల్లో చూడండి, నేను నిలబడ్డ వైపు గ్రూపంతా ఒరిగి ఉంటుంది.

ఇప్పుడు కాలేజీల్లో చేరుతున్న పిల్లలు నన్ను ఒకటే అడుగుతుంటారు, అక్కడ ఏం నేర్పుతారని. క్లాసులో ఏం నేర్పుతారో నాకు తెలియదు, నేనెప్పుడూ గుమ్మం దాటి లోపలికి పోలేదు. గట్టు మీద ఏం నేర్పుతారో మాత్రం చెప్పగలను. మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. చదువు మధ్యలో ఒక వానాకాలం ప్రతి పిల్లవాడి చేతిలో, ప్రతి పిల్ల చేతిలో ఒక ప్లాటు పెడతారు. ప్లాటంటే హైదరాబాద్ శివార్లలో రంగుజెండాలు పాతి అమ్మేది కాదు. పెళ్ళిపందిరంత నేల, దాని తలాపున రోల్ నెంబరు రాసిన బోర్డు. విత్తనం వేయడం, కలుపు తీయడం, పురుగును తిట్టడం, కంకి విరవడం, అంగట్లో కూర్చుని అమ్మడం, అన్నీ ఎవరివి వారే చేయాలి. ఒకరి ప్లాటులో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. పంట చివర్లో వేరే కాలేజీ నుంచి ఒక పెద్దసారు వచ్చి, గట్టు మీద నిలబడి మార్కులు వేసి పోతాడు. ఫెయిలైతే మళ్ళీ వచ్చే వానలకు, జూనియర్లతో కలిసి, మొదటి గింజ నుంచి మొదలు.

సాయంత్రం అయ్యేసరికి కాలేజీ మొత్తం ఆ గట్ల మీదే ఉండేది. పార అరువు అడిగేవాళ్ళు, పక్కవాడి చేను చూసి కుళ్ళుకునేవాళ్ళు, ఊరికే నిలబడి సలహాలిచ్చేవాళ్ళు. మా దగ్గర ప్రేమలు కూడా గట్ల మీదే మొలిచేవి. కొన్ని కలుపుతో పాటే పోయేవి.

ఒక యేడు బ్యాచ్‌లో ఒక సిరిసిల్ల పిల్లాడున్నాడు. తండ్రిది మరమగ్గం పని. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆ టకటకల మధ్య పుట్టి పెరిగినవాడు కాబట్టి వాడు గుసగుసలాడినా అరిచినట్టే ఉండేది. మొదటిరోజు క్లాసులో వాడు "ప్రెజెంట్ సార్" అంటే కోరుట్ల బస్టాండులో ఎవరో "ఎవరిదీ గొంతు" అని తిరిగి చూశారట.

నేల గురించి వాడికి తెలిసింది ఒక్కటే, అది కాళ్ళ కింద ఉంటుందని. మక్కలు, అంటే మొక్కజొన్న, విత్తే రోజు నా దగ్గరికి వచ్చాడు.

"కాకా, గింజ మొకం ఎటు దిక్కు పెట్టాలె?"

"తూర్పుకు" అన్నాను, నా అలవాటు కొద్దీ.

పొద్దుగూకేదాకా వంగి ప్రతి గింజనూ తూర్పుకు తిప్పి పెట్టాడు. నవ్వుదామని వెళ్ళినవాణ్ణి నోరు మూసుకుని వచ్చాను. ఎందుకంటే ఈ చివర నుంచి ఆ చివరకు దారం కట్టి, మగ్గానికి పడుగు పోసినట్టు సాళ్ళు పెట్టాడు. అంత వంకర లేని సాళ్ళు నా సర్వీసులో చూడలేదు. డీన్ గారు ఆ గట్టు మీదుగా పోతూ ఆగి, జేబులోంచి దువ్వెన తీసి తన పాపిడి సరిచేసుకున్నారు.

వాణ్ణి చేర్పించడానికి వచ్చినప్పుడు తండ్రి నాతో ఒక మాట అన్నాడు. "అన్నా, గిదే చదువుత అని మొండికేసిండు. చదువనియ్యి, నేనొద్దంటలే. కని ఒక్కదాంట్ల తప్పినా అచ్చి తీస్కపోత. ఇంటికాడ ఒక సాంచె ఖాళీగున్నది."

ఆ ఖాళీ సాంచె పిల్లాడి వెనకాలే తిరిగేది. పరీక్షల ముందు నిద్రలో కూడా వాడి చెయ్యి పోగులు ముడేసేదని రూంమేటు చెప్పేవాడు.

మొక్క జానెడు అయిందో లేదో సిరిసిల్ల నుంచి ఫోనొచ్చింది. పండుగ చీరల ఆర్డరు నడుస్తోంది, తండ్రి చేతికి దెబ్బ తగిలింది, సాంచె ఆపితే ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. పిల్లాడు సెలవు పెట్టి పోయాడు. పోయేముందు ప్లాటు దగ్గరికి వెళ్ళి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా "మల్లస్త" అని చెప్పి బస్సెక్కాడు.

వాడు లేని రోజుల్లో ఆ ప్లాటును చూడాలి మీరు. అటు ఇటు ప్లాట్లు మోకాలు దాటి పోతుంటే వాడిది చీలమండ దగ్గరే ఆగిపోయి ఆలోచిస్తోంది. సమయానికి పడాల్సిన ఎరువు పడలేదు. పెళ్ళికూతురికి కూడా పట్టనంత పసుపు ఆ ఆకులకు పట్టింది. దాని పక్క నుంచి నడిచే ప్రతివాడికీ ఆ ఖాళీ సాంచె చప్పుడు వినపడేది. అయినా ఎవరూ గట్టు దిగేవారు కాదు. పక్క ప్లాటులో చెయ్యి పెట్టకూడదన్నది రూలు కదా.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ మెస్సులో ఉండగా వాడి రూంమేటు వచ్చాడు. బీర్పూర్ రైతుబిడ్డ, పుట్టగానే ఏడవకుండా వాన ఎప్పుడొస్తదని అడిగిన రకం.

"కాకా, నా ప్లాటుకు జరంత యూరియా ఇయ్యవా?"

"మొన్ననే ఇచ్చిన గదరా."

"వానకు కొట్కపోయింది."

"వానెక్కడ పడ్డదిరా, నాకు చెప్పకుంట?"

"నా ప్లాటు మీదనే పడ్డది కాకా."

ఇచ్చాను. మరునాడు సాయంత్రం కోరుట్ల పిల్ల వచ్చింది. ఆమె నాన్న బస్టాండు దగ్గర కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. క్లాసులో ఫస్టు. రూలంటే ప్రాణం. పచ్చిక మీద నడవరాదు అని బోర్డు పెడితే దాని నీడ మీద కూడా కాలు పెట్టని పిల్ల. చేతిలో టిఫిన్ డబ్బా.

"చాచా, గిండ్ల జర యూరియా ఎయ్యి. ఒక ఎక్స్‌పెరిమెంట్ చేస్తున్న."

"ఏం ఎక్స్‌పెరిమెంట్ బిడ్డా?"

"అయినంక చెప్త. ఖుదా కసమ్, మంచిదే."

తర్వాత మెస్సులో వండే పెద్దమ్మ. ఆమె వడ్డిస్తే "చాలు" అనే మాటకు విలువ లేదు. గోదాము గుమ్మంలో నిలబడి దోసిలి పట్టింది.

"ఏమయ్యా, గా సాబుదాన లెక్కుంటది సూడు, గది దోసెడు పొయ్యి."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకో నీకు ఎర్కలేదా? కొడుకు ఆడ సాంచె నడుపుతుండు, ఈడ వాని చేను ఆకలితోటి సస్తున్నది. ఇంతమందికి పెడుతున్న, గా నాలుగు మొక్కలకు పెట్టలేనా? ఎవ్వలకన్న చెప్పినవో, రేపటిసంది నీకు మాడు అన్నమే."

ఆ బెదిరింపుకు రెండు దోసిళ్ళు పోశాను. ఆఖరున, పొద్దున నడకకు వచ్చినట్టు చేతులు ఊపుకుంటూ సారు వచ్చారు. పంటల పోషకాల పాఠం చెప్పేది ఆయనే. అరకొరగా వేసినా, అతిగా వేసినా పైరు ఏమవుతుందో చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది.

"ఏమయ్యా, ఒక గ్లాసెడు యూరియా కావాలె. మా ఇంట్ల గులాబీ మొక్కకు."

"సార్, మీ గులాబీ పోయిన ఎండకాలమే ఎండిపోయింది గద."

"అందుకే అడుగుతున్న."

చచ్చిన మొక్కకు ఎరువేసే శాస్త్రం కొత్తగా వచ్చిందేమోనని ఇచ్చాను.

ఇక నేను. నాకు ఎవరిమీదా అంత తొందరగా జాలి పుట్టదు, ఆ సంగతి మా ఆవిడను అడగండి. కానీ తూర్పుకు తిప్పి పెట్టిన గింజలు అవి. నా మాట నమ్మి పెట్టిన గింజలు. ఒకరోజు నేనూ ఒక పిడికెడు వేశాను. నా పిడికిలి సంగతి మీకు తెలియదు. చిన్నప్పుడు మా అమ్మ నా పిడికిలితో బియ్యం కొలిపించి చుట్టాలందరికీ వండేది.

మిగతావాళ్ళ సంగతి నాకు తెలియలేదా అంటే, తెలిసింది పెద్దమ్మ సంగతి ఒక్కటే. ఎవరికి వారు తానొక్కరే ఆ ప్లాటుకు దిక్కు అనుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మేము మాత్రం పుణ్యమనుకునే వేశాం.

బయట చూస్తే ఆ రోజుల్లోనే యూరియా దొరకడం లేదు. దుకాణాల ముందు నిలబడలేక రైతులు వరసలో చెప్పులు పెట్టి నీడకు పోయేవారు. ఊళ్ళో చెప్పులు యూరియా కోసం ఎండలో నిలబడితే, మా దగ్గర ఒక ప్లాటు బంతిలో కూర్చుని వద్దన్నా పడే వడ్డన తింటోంది.

తర్వాత ఆ మక్క ఏమైందో చెబితే మీరు భాగించడం మొదలుపెడతారు, పెట్టండి. ముందు పచ్చగా అయింది. తర్వాత నల్లగా అయింది. పక్కన నిలబడితే మొహం కూడా పచ్చగా కనిపించి, జూనియర్లు ఒకరిద్దరు నాకు కామెర్లేమోనని చెప్పుకున్నారు. ఆకు ఎదుగుతుంటే గోదాములో చప్పుడు వినిపించేది. కరెంటు వాళ్ళు వచ్చి తీగలు పైకి లాగాలా అని అడిగిపోయారు. జిల్లాలోని కత్తెర పురుగులన్నీ చుట్టాలను వెంటేసుకుని అక్కడికే విడిదికి వచ్చాయి.

సిరిసిల్ల పిల్లాడు తిరిగి వచ్చి గట్టు మీద నిలబడిపోయాడు.

"కాకా, గిది నాదేనా?"

"బోర్డు చదువుకో."

చదువుకున్నాడు. వేలితో నెంబరును తడిమాడు. తర్వాత వాడి గొంతు మొదటిసారి చిన్నగా వచ్చింది. "నేను లేకుంటెనే గింత మంచిగ పెరిగిందా?"

నేను తాళంచెవి సర్దుకున్నాను. వాడు తన వంతుగా వేయాల్సిన ఎరువు కూడా బుద్ధిగా వేసి, నీళ్ళు పెట్టి, రూముకు పోయాడు.

ఆ వారమే సారు క్లాసులో నత్రజని పాఠం. నేను శాంపిళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "పచ్చదనం చూసి మురిసిపోవద్దు" అన్నారు సారు. "అతిగా పెడితే మొక్క పొడుగు పెరుగుతది, కాండం మెత్తబడుతది. తిండి పైననే దొరుకుతుంటే వేరు లోపలికి ఎందుకు పోతది? ఒక్క గాలి చాలు." బీర్పూర్ పిల్లాడు నేల చూశాడు. కోరుట్ల పిల్ల పెన్ను మూత పెట్టింది. సారు బోర్డు వైపు తిరిగి, రాసిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ దిద్దుతూ చాలాసేపు ఇటు తిరగలేదు. సిరిసిల్ల పిల్లాడొక్కడే హాయిగా రాసుకుంటున్నాడు.

పెద్దసారు మార్కులు వేయడానికి రావాల్సిన ముందురోజు సాయంత్రం ఆ ఒక్క గాలి వచ్చింది. రుద్రంగి గుట్టల మీద బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా, అడ్రసు తెలిసినట్టు నేరుగా మా ఫారానికి వచ్చింది. మిగతా ప్లాట్లు తలలూపి ఊరుకున్నాయి. వాడిది మాత్రం బోర్డుతో సహా సాష్టాంగపడింది. పడటం కూడా తూర్పుకే.

తెల్లారి పెద్దసారు వచ్చాడు. తెల్ల ప్యాంటు, మడత గొడుగు, మాట పొదుపు. పడ్డ మొక్కను ఎత్తి, కాండం విరిచి పిండితే చెరుకులా నీళ్ళు కారాయి. కంకి ఒలిచి చూస్తే గింజ ఇంకా పాలు కూడా పోసుకోలేదు.

"ఎన్ని బస్తాలు పోసినవ్?"

"చెప్పిన డోసే సార్. అది గూడ లేటుగ వేసిన, ఊర్ల లేకుండె."

"అబద్ధం చెప్పకు."

పిల్లాడు నా వైపు చూశాడు. వాడి కళ్ళలో నాకు సిరిసిల్ల కనిపించింది. టకటకమని ఆడుతున్న సాంచాల వరసలో ఆగి ఉన్న ఒక సాంచె.

"సార్" అని వెనక నుంచి బీర్పూర్ పిల్లాడు చెయ్యెత్తాడు. "నేనొక కవరు వేసిన. వీడు లేనప్పుడు."

"నేను టిఫిన్ డబ్బా" అంది కోరుట్ల పిల్ల, తల దించుకుని. "నిండ కాదు సార్. సగం. అంటే, రెండు సార్లు సగం."

బీర్పూర్ పిల్లాడు ఆమె వైపు తిరిగాడు. "నువ్వు గూడనా? నువ్వు రూలు తప్పినవా?"

"నువ్వు మాట్లాడకు. నీ ప్లాటు మీదనే వాన పడ్డదంట గద."

ఛాయ్ తెచ్చిన పెద్దమ్మ పళ్ళెం గట్టు మీద దించి అందరినీ కలియజూసింది. "మీరెందుకు వేసిండ్రుర్రా? నేను వేసిన గద. నాకు చెప్తే వద్దందును."

పెద్దసారు గొడుగు మీద బరువు మోపి మా సారు వైపు తిరిగాడు. "సార్, మీ పిల్లలకు మీరేం నేర్పుతున్నరు?"

మా సారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. మళ్ళీ తుడిచారు. "నేనొక గ్లాసు వేసిన."

"ఏంది?"

"గ్లాసు. చిన్నది."

"ఛాయ్ గ్లాసా, నీళ్ళ గ్లాసా?"

"నీళ్ళది."

ఆ తర్వాత ఎవరూ నన్నేమీ అడగలేదు. అందరూ కలిసి నా నడుము దగ్గర వేలాడుతున్న తాళంచెవిని చూశారు. అందులోనే నా వాంగ్మూలం ఉంది.

అప్పుడు సిరిసిల్ల పిల్లాడు నోరు తెరిచాడు. వాడి మామూలు గొంతుతో, అంటే ఫారమంతా వినపడేలా. "సార్, సాంచె మీద ఒక పోగు తెగితే ఒక్కరే ముడెయ్యాలె. నలుగురు ముడేస్తే అది బట్ట కాదు, మూటయితది. వీళ్ళ తప్పు లేదు. ఊరికి పోయేటప్పుడు నా చేనుకు చెప్పిపోయిన గని, వీళ్ళకు చెప్పిపోలే. ఏం కావాలెనో చెప్తే, ఒక్కరే, అంత మట్టుకే చేద్దురు."

పెద్దసారు కాసేపు పడ్డ మక్కను చూశాడు, కాసేపు మమ్మల్ని చూశాడు. ఫారం గడగడలాడేలా నవ్వాడు. "పుస్తకంల లేని ప్రయోగం చేసిండ్రు" అని, గొడుగు చంకన పెట్టుకుని, పిల్లాడికి క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులు వేసి పోయాడు. ఆ రోజు మెస్సులో పాయసం. చాలు అన్నవాడికి కూడా వడ్డించారు.

ఆ పిల్లాడు ఇప్పుడు రుద్రంగి వైపు వ్యవసాయ విస్తరణాధికారి. మొన్న ఆ దారిలో పోతూ దిగాను. ఒక రైతు చేలో మొక్కల మధ్య వంగి నిలబడి ఉన్నాడు. ముసలాయన వెంట పడుతున్నాడు.

"సార్, ఇంకొక్క పిడికెడు వేస్తే ఏమైతది?"

"పెద్దనాయినా, నా పిడికెళ్ళ కథ చెప్పాల్నా?"

"వద్దు సార్, పోయినసారే పొద్దు గూకింది."

ఇంతలో నన్ను చూసి "గీ కాకనే గా గోదాం కాక" అని పరిచయం చేశాడు. వాడు చెప్పకుండా వదిలిన మనిషి ఆ మండలంలో లేడట. చుట్టూ ఉన్న రైతులు నన్ను పైనుంచి కిందికి, మందిచ్చి మనిషిని చంపిన ఆరెంపీ డాక్టరును చూసినట్టు చూశారు. ఒకాయన నా పిడికిలి చూపించమన్నాడు. చూపిస్తే, "గంత పెద్దగేం లేదే" అని నిరాశపడ్డాడు.

ఇక మాటిచ్చినట్టు ఒప్పుకోవాలి. కరెంటు వాళ్ళు వచ్చింది మెస్సు మీటరు చూసుకోవడానికి, తీగల మాట ఎత్తలేదు. పురుగులు జిల్లా అంతటి నుంచి కాదు, పక్క రెండు మూడు ప్లాట్ల నుంచే వచ్చాయి. ఇవన్నీ పెంచడాలు, వీటిని మీరెప్పుడో భాగించి ఉంటారు. గులాబీ మాత్రం నిజం, నీళ్ళ గ్లాసు కూడా నిజం. నేను పుట్టించింది పెద్దసారు నవ్వును, ఆ మార్కులను.

ఆయన నవ్వలేదు. అందరి మాటలూ విని, "పంట లేదు గద" అని ఒక్కమాట అని ఫెయిల్ చేసి పోయాడు. ఆయన తప్పు లేదు. పంట లేదు.

మరునాడు తండ్రి వచ్చాడు, చేతికి కట్టుతోనే. పిల్లాడి పెట్టె సర్దించాడు. పోయేముందు ఎందుకో ప్లాటు చూస్తానన్నాడు. మేమంతా గట్టు మీద నిలబడ్డాం, సారు, పెద్దమ్మ, పిల్లలిద్దరు, నేను. ఏం జరిగిందో బీర్పూర్ పిల్లాడు చెప్పాడు. తండ్రి పడ్డ మొక్కల్ని కాలితో తప్పించి కింద సాలు చూశాడు. వంగి, ఒంటికన్నుతో, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"పడుగు మంచిగనే పోసిండు" అన్నాడు. తర్వాత మా వైపు చూశాడు. ఎవరమూ తలెత్తలేదు.

"అన్నా" అన్నాడు నాతో, "వీని కోసం గింతమంది తలకాయలు దించుకున్నరు. నాకు చెయ్యి తెగితె మా గల్లీల గింతమంది రాలే. ఇంకో యేడు ఉండనియ్యి. సాంచెదేమున్నది, అది ఇనుము, ఎదురుచూస్తది."

పెట్టె మళ్ళీ రూముకు పోయింది.

మరుసటి వానలకు వాడు జూనియర్ల మధ్య నిలబడి మళ్ళీ దారం కట్టాడు. వాడి బ్యాచ్ పైక్లాసుకు పోయింది, అయినా ప్రతి సాయంత్రం ఆ గట్టు మీదికే వచ్చేది. బీర్పూర్ పిల్లాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. కోరుట్ల పిల్ల చున్నీ అంచు రెండు చేతులా పట్టుకునేది. పెద్దమ్మ చేతులు కొంగులో చుట్టుకునేది. నడకకు వచ్చిన సారు ఒక చేతితో ఇంకో చేతిని పట్టుకుని, ఎక్కడ జారిపోతుందోనన్నట్టు, ఆగేవారు. నేను నడుముకున్న తాళంచెవిని పిడికిట్లో బిగించుకునేవాణ్ణి. వాడు ఏదైనా అడిగితే, అడిగినంత మట్టుకే, ఒక్కరమే చెప్పేవాళ్ళం. ఆకు కాస్త పసుపెక్కితే మాలో ఒకరు ముందుకు ఒంగడం, పక్కవాళ్ళు చొక్కా పట్టి లాగడం. ఏమీ చేయకుండా నిలబడటం అంత కష్టమైన పని నా సర్వీసులో ఇంకొకటి చేయలేదు.

ఆ యేడు వాడి మక్క మామూలుగా పండింది. పక్కవాళ్ళకెంతో అంతే. ఇంత రాసినదాంట్లో మీరు భాగించాల్సిన పని లేని మాట ఇదొక్కటే.